ఏటి గట్టున ఆరు వందల నలభై బాతులు

పక్షుల్ని చూడటానికి తోటపల్లి గూడూరు వైపు వెళ్ళాలనుకునేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నెల్లూరు నుంచి దూరం తక్కువ. ఏటి గట్టు మీద నడక బాగుంటుంది. శివరాత్రి దాటాక, ఎండ ముదరక ముందు పక్షులు దండిగా ఉంటాయి. కానీ మేము వెళ్ళిన పద్ధతిలో మాత్రం వెళ్ళకండి. ఫిబ్రవరి 22, ఆదివారం ఉదయం నేను నా పుస్తకంలో రాసిన ఒక అంకె వల్ల చెంచమ్మ అనే ఆమె మేపుకుంటున్న బాతుల మంద చెల్లాచెదురైంది. ఆమెకు ఆ మందే జీవనం. ఆ రోజు మేము పక్షుల్ని చూసింది గంటన్నర కూడా లేదు. ఆమె బాతుల వెంట తిరిగింది మాత్రం దాదాపు నాలుగు గంటలు.

మొదటి నుంచి చెబుతాను.

సుధాకర్ అనే అతను ఒక బ్యాంకులో పనిచేస్తాడు. నలభై దాటినవాడు, మంచివాడే. పక్షులంటే ఇష్టమున్నవాళ్ళను ఫోన్లో ఒక గుంపుగా చేర్చి, నెలకోసారి నడకకు పిలుస్తుంటాడు. ఈసారి పిలుపులో 'ఉదయం అయిదున్నరకు బస్టాండు, ఆలస్యం వద్దు' అని రాశాడు. ఆలస్యం వద్దు అన్నచోట మూడు ఆశ్చర్యార్థకాలు పెట్టాడు. వస్తామని పేర్లిచ్చినవాళ్ళు పదిహేడుగురు.

నన్ను పిలిచేది పక్షుల కోసం కాదు, లెక్క కోసం. నేను ముప్పై ఒక్క సంవత్సరాలు నీటిపారుదల శాఖలో కాలువల నీటి మట్టాలు రాసే ఉద్యోగం చేశాను. ఏ తేదీన ఏ తూము దగ్గర ఎంత నీరుందో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఇప్పుడు డెబ్బై ఒకటి. కొంగలు గుంపుగా వాలితే ఎన్ని ఉన్నాయో తప్పు లేకుండా చెప్పగలనని సుధాకర్ నమ్మకం. నాదీ అదే నమ్మకం, ఆ ఉదయం వరకు.

నాతో నూర్జహాన్ వచ్చింది. మూలాపేటలో మా వీధే. వాళ్ళ కుటుంబానిది కళ్ళజోళ్ళ దుకాణం. నలభై ఏళ్ళుగా చిన్న మరలు బిగించి బిగించి ఆమె చూపు సూదిలాగా తయారైంది. నాకు కొమ్మ కనిపించే దూరంలో ఆమెకు కొమ్మ మీది పిట్ట ముక్కు కనిపిస్తుంది. ఆమె చూస్తుంది, నేను రాస్తాను. ఆరేళ్ళుగా ఇదే పద్ధతి. ఇప్పుడు రంజాన్ నెల, ఆమె ఉపవాసంలో ఉంది. రావద్దన్నాను. "సహరీకి ఎట్టాగూ లేస్తాను గదా అక్కా, లేచినదాన్ని మళ్ళీ పడుకోవడం ఎందుకు?" అంది.

అయిదూ ఇరవైకి బస్టాండులో ఉన్నాం. అయిదూ యాభై బస్సు మా ముందే వెళ్ళిపోయింది. సుధాకర్ ఆరూ అయిదుకు వచ్చాడు. మెడలో కెమెరా, చేతిలో సెల్ఫీ కర్ర, కాళ్ళకు తెల్లటి కొత్త బూట్లు. బురదలో నడవడానికి తెల్ల బూట్లు వేసుకున్న మనిషిని చూసిన క్షణమే నేను ఇంటికి తిరిగి వెళ్ళాల్సింది.

"మిగతావాళ్ళు?" అన్నాను.

"అందరూ ఆల్ ది బెస్ట్ చెప్పారు ఆంటీ" అన్నాడు.

పదిహేడుగురిలో వచ్చింది ముగ్గురం.

ఆరూ ఇరవై రెండుకు బస్సు కదిలింది. ఆడవాళ్ళకు సున్నా టికెట్టు కాబట్టి ఖర్చు లేదు, కానీ ఆధార్ కార్డు అసలుది వెంట ఉండాలి. నూర్జహాన్ జిరాక్సు తెచ్చింది.

"జిరాక్సు చెల్లదమ్మా, ఒరిజినల్ చూపించు" అన్నాడు కండక్టరు.

"నా మొహం ఒరిజినలే గదా నాయనా."

"మొహం మీద నంబరుండదు గదమ్మా."

వెనక సీట్లో ఖాళీ చేపల బుట్ట ఒళ్ళో పెట్టుకున్న ఒకామె అందుకుంది. "ఇచ్చెయ్యి సామీ, ఉపాసం ఉండేటామెతో ఈ తగువేంది పొద్దున్నే. నీకు పుణ్యమన్నా వస్తాది." కండక్టరు పుణ్యం కోసమో, వెనక నుంచి ఇంకో నలుగురు అందుకుంటారనో టికెట్టు కొట్టి ఇచ్చాడు. మీరు మాత్రం అసలు కార్డే తీసుకెళ్ళండి. ప్రతిసారీ చేపల బుట్టామె ఉండదు.

ఏడూ పదికి తోటపల్లి గూడూరులో దిగాం. రోడ్డు పక్క హోటల్లో ఇడ్లీ తిన్నాం, నేనూ సుధాకరూ. పచ్చడిలో కారం ఎక్కువ, ఇడ్లీ మెత్తగానే ఉంది. నూర్జహాన్ బయట బల్ల మీద కూర్చుని బైనాక్యులర్ అద్దాలు తుడుచుకుంది. అక్కడి నుంచి ఏటి వంతెనకు ఆటో నూట యాభై. రెండు వందలు అడుగుతారు, ఒప్పుకోవద్దు.

ఏడూ యాభైకి నడక మొదలైంది. ఈ ఏరు సముద్రంలో కలిసే ముందు వంకరలు తిరుగుతూ పోతుంది. ఎడమ పక్కన ఏరు, అంచున అక్కడక్కడా మడ చెట్లు. కుడి పక్కన కొంతదూరం రొయ్యల గుంటలు, తర్వాత వరి కయ్యలు. కోతలు సగం అయ్యాయి. కోసిన కయ్యల్లో గడ్డి వరసలుగా పడి ఉంది, కోయని చేలు పచ్చ తగ్గి బంగారు రంగుకు తిరుగుతున్నాయి. గాలిలో ఉప్పు, బురద, రొయ్యల మేత వాసన. ఈ మూడోది అలవాటు కావడానికి పావుగంట పడుతుంది.

మొదటి అరగంట నిజంగానే బాగుంది. మడ కొమ్మ మీద లకుముకి పిట్టలు రెండు. నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటూ పదకొండు. నత్తగుల్ల కొంగలు నలభై మూడు, అన్నీ ఒకే కయ్యలో వంగి వెతుక్కుంటున్నాయి, ఏదో పారేసుకున్నట్టు. తెడ్డుమూతి కొంగలు ఆరు. ఉల్లంకి పిట్టలు బురద మీద పరుగులు పెడుతుంటే పద్దెనిమిది దాకా లెక్కబెట్టి, కలిసిపోతుంటే మళ్ళీ మొదలుపెట్టి ఇరవై ఒకటి తేల్చాను. తీతువు ఒకటి మా తల మీద తిరుగుతూ గోల పెట్టింది. దాని గోలకు కారణం సుధాకర్. ఫోన్లో తీతువు కూత పెట్టి దానికే వినిపిస్తున్నాడు.

"ఆపవయ్యా" అన్నాను.

"రెస్పాండ్ అవుతోంది ఆంటీ!"

"నీ ఇంట్లో ఎవరో దూరి నీ గొంతుతో అరిస్తే నువ్వూ రెస్పాండ్ అవుతావు."

ఆపాడు. ఆపి, నూర్జహాన్ మెడలోంచి బైనాక్యులర్ ఒక్క నిమిషానికని తీసుకున్నాడు. ఆ నిమిషం రెండు గంటలు దాటింది. తర్వాత జరిగినదానికి ఇదొక కారణం కాబట్టి రాస్తున్నాను.

గుంటల దగ్గర గట్టు మీద నుంచి నడవాలి. అప్పుడే రొయ్య పిల్లలను వదిలిన రోజులు. కొంగలు వాలకుండా గుంటల మీద అడ్డంగా దారాలు కట్టి, మెరిసే రిబ్బన్లు వేలాడదీశారు. పక్షుల వల్ల ఒక గుంట జబ్బు ఇంకో గుంటకు అంటుకుంటుందని వాళ్ళ భయం. పరాయివాళ్ళను గట్టెక్కనివ్వరు. మమ్మల్ని ఎవరూ ఆపకపోవడం చూసి నేను ఆశ్చర్యపోయాను.

"సూపర్‌వైజరుతో మాట్లాడాను ఆంటీ. మన గుంపులో కూడా చేర్చాను ఆయన్ని" అన్నాడు సుధాకర్ గొప్పగా.

పక్షుల్ని వెతికేవాళ్ళ గుంపులో పక్షుల్ని తరిమేవాళ్ళను చేర్చాడన్నమాట. ఆ మాట నాకు అప్పుడే తట్టి ఉంటే బాగుండేది. గంట తర్వాత తట్టింది.

ఎనిమిదీ ముప్పై అయిదుకు బాతులు కనిపించాయి.

మేము తూర్పుకు నడుస్తున్నాం, సూర్యుడు కళ్ళలోకి. దూరంగా, నాలుగు వందల గజాల అవతల, కోసిన కయ్యలో నీళ్ళు నిలిచిన చోట పలచటి మంచులో గోధుమ రంగు వీపులు. పది కాదు, ఇరవై కాదు. నేలే కదులుతున్నట్టుగా ఉంది. సుధాకర్ గొంతు తగ్గించాడు, ఆ ఉదయం మొదటిసారి.

"వలస బాతులు ఆంటీ! ఇంత పెద్ద గుంపు ఈ వైపు ఎవరూ రాసి ఉండరు. లెక్కపెట్టండి."

నూర్జహాన్ అరచెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. "ఒక్కటీ ఎగరడం లేదేంది అక్కా?"

"సైబీరియా నుంచి వచ్చుంటాయి ఆంటీ, అలిసిపోయి ఉంటాయి" అన్నాడు సుధాకర్.

వలస బాతులు వచ్చేది కార్తీకంలో. నాలుగు నెలలుగా అలిసిపోయే ఉంటాయా అని అడగాల్సింది. అడగలేదు. నేను అప్పటికే పదేసి చొప్పున చుక్కలు పెడుతున్నాను. లెక్క మొదలుపెట్టాక నాకు వేరే మాట వినిపించదు, ఉద్యోగం చేసినప్పుడూ అంతే. మొదటిసారి 638. రెండోసారి 642. మూడోసారి 640. పుస్తకంలో 'వలస బాతులు, 640, ఉ. 8.50' అని రాశాను. లెక్కలో తప్పు లేదు. లెక్కబెట్టింది ఏమిటన్నది నేను చూసుకోలేదు. అతను పుస్తకం ఫొటో తీసి గుంపులో పెట్టాడు, చోటుతో సహా.

తొమ్మిదింబావుకు మొదటి దీపావళి రాకెట్టు పేలింది.

గుంటల గట్టు మీద నుంచి ఒకతను టీవీఎస్ మోపెడ్ మీద దడదడలాడుతూ వచ్చి, దిగీ దిగకముందే రెండోది అంటించాడు. అది పొగతోక వేసుకుంటూ వెళ్ళి కయ్య మీద పేలింది. తర్వాత మూడోది. ఆరు వందల నలభై బాతులు ఒక్కసారిగా అరిచాయి. ఎగరలేదు. రెక్కలు కొట్టుకుంటూ, ఒకదాని మీద ఒకటి పడుతూ నాలుగు దిక్కులకు పరిగెత్తాయి. సగం ఏట్లోకి దూకాయి. కొన్ని గట్టెక్కి గుంటల వైపు, కొన్ని రోడ్డు వైపు.

అప్పుడు తాటిచెట్ల వెనక నుంచి ఒక మనిషి లేచింది. చేతిలో పొడుగాటి కర్ర, కర్ర చివర నీలం ప్లాస్టిక్ సంచి. ఇంకో చేతిలో అన్నం గిన్నె. గిన్నె విసిరేసి పరిగెత్తింది.

"వొరే నీ చేతులిరిగిపోనూ! నా బాతులురా! నా బాతులు!"

నూర్జహాన్ నా వైపు తిరిగింది. నా చేతిలోని పుస్తకం చూసింది.

ఆమే చెంచమ్మ. ఊరు ఆత్మకూరు దగ్గర. కోతలైన చేను పట్టుకుని, రాలిన గింజల మీద బాతుల్ని మేపుతూ చేను చేనుకూ కదులుతుంటారు భార్యాభర్తలిద్దరూ. భర్త ఆ తెల్లవారుజామునే గుడ్లు తీసుకుని నెల్లూరు వెళ్ళాడు. మోపెడ్ మనిషి వెంకయ్య, గుంటల కాపలాదారు.

"నీ కళ్ళు యాడ పెట్టుకున్నావు? పెంపుడు బాతో అడవి బాతో తెలీదా?" అని చెంచమ్మ అతని చొక్కా పట్టుకుంది.

"నాకు సూపర్‌వైజరు కాడ్నించి ఫోనొచ్చింది మే! అడివి బాతులు దిగినాయి, గుంటల్లో పడకముందే తోలమన్నారు. ఆరొందల నలభై అని లెక్కతో సహా వచ్చినాది. అంత లెక్కగా జెప్తే ఎవురైనా నమ్ముతారు గదా!"

చెంచమ్మ చెయ్యి చొక్కా మీది నుంచి జారింది. "లెక్కా? నా బాతుల్ని లెక్కబెట్టింది ఎవురు?"

సుధాకర్ నా వైపు చూడలేదు, అది అతని మంచితనం. నేనే ముందుకు వచ్చాను. "నేనమ్మా."

"యాడన్నా లెక్కబెడతారా తల్లీ, బతికుండే మందని! మా ఇంట్లో ఎవురమూ అంకె నోట్లోంచి రానీము. లెక్కబెడితే తరిగిపోతాయి. ఇదో, చూడండి, తరిగిపోయినాయి!"

లెక్కకూ తరుగుకూ సంబంధం లేదని, బాతుల్ని తరిమింది రాకెట్లని చెప్పబోయాను. నోరు తెరిచాక ఆలోచిస్తే, రాకెట్లు తెచ్చింది నా లెక్కే. మాట మింగేశాను. డెబ్బై ఒక్క ఏళ్ళ వయసులో మూఢనమ్మకం చేతిలో, అదీ సాక్ష్యంతో సహా ఓడిపోవడం ఎంత విసుగో అనుభవిస్తేనే తెలుస్తుంది.

ఆమెకు తొందర ఉంది. ఆ చేను గడువు అయిపోయింది, మర్నాడు పొద్దున్నే గడ్డి కట్టలు కట్టే యంత్రం దిగుతుంది. సాయంత్రంలోగా మందను రోడ్డు దాటించి అవతలి చేలోకి చేర్చాలి. ఒక్కతే ఉంది. మమ్మల్ని వరుసగా చూసి, సైన్యాధిపతిలాగా నిలబెట్టింది. నేను గుంటల గట్టు మీద, గొడుగు తెరిచి, ఏదీ అటు రాకుండా. నూర్జహాన్ రోడ్డు వైపు. సుధాకర్ ఏటి బురదలో. వెంకయ్య గుంటల్లో పడ్డవాటిని బయటికి తోలాలి, దారాలు తెగకుండా.

"ఆ తెల్ల చెప్పులాయన, ఇంకొంచెం దిగునాయనా. నడుందాకా దిగు, ఏం గాదు!"

సుధాకర్ దిగాడు. ఒక బూటు బురదలోనే ఉండిపోయింది. దిగినవాడు చేతులు జోడించి, "తప్పు నాదేనమ్మా, చూసుకోకుండా ఫోన్లో పెట్టాను" అన్నాడు.

"దండాలు తర్వాత పెడుదువుగాని, ముందు ఆ మూల ఉండేటియ్యి ఇటు తోలు" అంది చెంచమ్మ.

తర్వాత ఆమె గట్టు మీద నిలబడి పిలిచింది. గొంతులోంచి పొడుగ్గా ఒక కూత, చివర "బా బా బా" అని మూడు చిన్న కూతలు. బాతులు తలలెత్తాయి. నీటి మీద నుంచి, మడ చెట్ల కింద నుంచి, కాలువలోంచి నాలుగు, పది, ముప్పై చొప్పున రావడం మొదలైంది. నా గొడుగు కిందికి వచ్చిన ఒక బాతు నన్ను చూసి ఎంత ఈసడింపుగా అరిచిందంటే, దానికీ విషయం తెలుసనిపించింది.

పదింబావుకు మంద మందలాగే కనిపించింది. నేను సంతోషించాను. చెంచమ్మ మాత్రం మంద చుట్టూ ఒకసారి తిరిగి, నేల మీద కూలబడింది.

"ముందు నడిచేటియ్యి రాలేదమ్మా."

మందకు ముందు నడిచే ముసలి బాతులు కొన్ని ఉంటాయట. అవి కదిలితేనే మిగతావి కదులుతాయి. అవి లేకుండా రోడ్డు దాటించబోతే మంద సుడి తిరుగుతూ అక్కడే ఉంటుంది, లేదా మళ్ళీ విచ్చిపోతుంది. ఆమె కర్రతో తోలి చూపించింది. నిజమే. ముందున్నవి వెనక్కి, వెనకవి పక్కకు. గానుగ తిరిగినట్టు అక్కడక్కడే తిరిగాయి.

"సముద్రంలోకి కొట్టుకుపోయుంటాయి" అంటూ ఆమె తూర్పు వైపు పరుగు తీయబోయింది. సుధాకర్ కూడా ఒంటి బూటుతో అటే బయల్దేరాడు.

"ఆగండి" అన్నాను. ఏట్లో గడ్డిపరకలు తూర్పుకు పోవడం లేదు. సుధాకర్ సెల్ఫీ కర్ర తీసుకుని నీటి అంచున బురదలో గుచ్చి, నీరు తగిలిన చోట నా జడ రబ్బరు తొడిగాను. పది నిమిషాలు నిలబడ్డాను. ఆ పది నిమిషాలు చెంచమ్మ నన్ను ఎన్ని తిట్టిందో రాయను. నీరు రబ్బరు దాటి రెండు వేళ్ళు పైకెక్కింది.

"నీళ్ళు వెనక్కి ఎక్కుతున్నాయి. మీ బాతులు సముద్రం వైపు పోలేదు, పైకి పోయాయి."

"ఏరు పైకి పోడమేందమ్మా! మా ఆత్మకూరు కాడ నీళ్ళు ఒక పక్కకే పోతాయి."

"ఇక్కడ రెండు పక్కలకూ పోతాయి."

గట్టు మీద బీడీ కాలుస్తున్న వెంకయ్య తల ఊపాడు. "పోటు మీద ఉండాది. పొద్దున్నించీ ఎక్కతానే ఉండాది. పదకొండున్నరకు గానీ తిరగదు."

"మరి ఇంతసేపూ చెప్పలేదేం?"

"మీరు అడగలేదు గదమ్మా."

ఈ ఒక్క వాక్యం విన్నప్పుడు నాకు కలిగిన కోపాన్ని కొలిచే కర్ర ఏ శాఖలోనూ లేదు. వెంకయ్యను మంద దగ్గరే కాపలా పెట్టి, పదకొండున్నరలోగా వాటిని పట్టుకోకపోతే నీళ్ళు తిరిగి నిజంగానే సముద్రం వైపు లాగుతాయని చెప్పి, మేము నలుగురం పడమటికి నడిచాం. ఉదయం నడిచిన గట్టే. ఈసారి ఎండ నెత్తిన. నూర్జహాన్ పెదవులు తెల్లబడ్డాయి. చెట్టు నీడన కూర్చోమన్నాను.

"కూర్చుంటే నీ కళ్ళతోనా వెతికేది?" అంది. సుధాకర్ మెడలోంచి బైనాక్యులర్ తీసుకుంది. అడిగి కాదు, తీసుకుంది.

వంతెన దాటాం. ఏటి ఇంకో వంపూ దాటాం. పదకొండూ పది. గడ్డిపరకలు నీటి మీద కదలడం మానేశాయి. నూర్జహాన్ ఆగిపోయింది.

"అద్దో. అవతలి ఒడ్డున, మడ వేళ్ళ కింద. ఆరుండాయి."

"ఆరెట్టా?" అంది చెంచమ్మ వెంటనే. "నాయి అయిదే గదా!"

అని, నోటి మీద చెయ్యి వేసుకుంది.

నేను కొంగు సర్దుకున్నాను. సుధాకర్ ఆకాశం చూశాడు. చెంచమ్మ మా ముగ్గురినీ ఎగాదిగా చూసి, "ముందు నడిచేటియ్యి గదా, వాటికి అడ్డం లేదులే" అని తనకు తానే మినహాయింపు ఇచ్చుకుని, ఒడ్డుకు దిగి కూత పెట్టింది.

మడ వేళ్ళ కింద అలికిడి. ఒకటి బయటికి వచ్చింది, ముసలిది, మెడ వంకర. దాని వెనక ఇంకొకటి, ఇంకొకటి. అయిదూ ఒకే వరసలో ఏరు అడ్డంగా ఈదుతూ వచ్చాయి, ఎవరో గీత గీసినట్టు. ఆరోది ఒడ్డునే నిలబడి తల అటూ ఇటూ తిప్పింది.

"ముక్కు చివర పసుపుండాది. ఇది వేరే" అంది నూర్జహాన్.

అది నీళ్ళలోకి రెండడుగులు పరిగెత్తి, లేచింది. రెక్కలు టపటపలాడించుకుంటూ మా తలల మీదుగా, వంతెన మీదుగా, చేల మీదుగా ఎగిరిపోయింది. అడవి బాతు. సైబీరియాదేమీ కాదు, మన చెరువుల్లో ఏడాది పొడుగునా ఉండే రకమే. అయినా నలుగురం మెడలు నొప్పి పుట్టేదాకా చూశాం.

చెంచమ్మ వంకర మెడ దాన్ని చంకన పెట్టుకుంటూ నాతో అంది. "అదీ మీది. రాసుకోండి."

పన్నెండూ నలభైకి మంద రోడ్డు దాటింది. అయిదు ముసలి బాతులు ముందు, మిగతావి వెనక. కృష్ణపట్నం పోయే కంపెనీ బస్సును సుధాకర్ ఒంటి బూటుతో అడ్డంగా నిలబడి ఆపాడు. డ్రైవరు హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు. బాతులు ఖాతరు చేయలేదు. మొత్తం దాటడానికి పదమూడు నిమిషాలు. ఆ పదమూడు నిమిషాలూ నేను వాటికి వీపు తిప్పి నిలబడ్డాను. ఎదురుగా ఉంటే నా కళ్ళు వాటంతటవే పదేసి చొప్పున పట్టుకుంటాయి. ఏమైనా తగ్గాయా లేదా అన్నది నాకు ఇప్పటికీ తెలియదు. నాకు అది చిన్న విషయం కాదు.

చివరి బాతు దాటాక చెంచమ్మ వచ్చి, "నిండుగానే ఉండాదిలేమ్మా" అంది. నేను అడగలేదు.

రెండూ అయిదు బస్సు రెండూ ముప్పైకి వచ్చింది. కండక్టరు వేరే మనిషి, నూర్జహాన్ జిరాక్సు మళ్ళీ చెల్లలేదు, టికెట్టు కొన్నాం. సుధాకర్ వెనక సీట్లో బురద కాలు పైకి పెట్టుకుని నిద్రపోయాడు. దిగేలోపు ఫోన్లో పెట్టినది తీసేయమని లేపి చెప్పాను. తీసేశాడు. అప్పటికే అది వేరే మూడు గుంపుల్లోకి వెళ్ళింది.

ఆ రోజు జాబితాలో చివరికి మిగిలినవి పందొమ్మిది రకాలు. బాతులన్నచోట 640 కొట్టేసి, 1 అని రాశాను. తప్పు కొట్టేసిన చోట సంతకం చేయడం ఆఫీసు అలవాటు, అదీ చేశాను. ఏరు మంచిదే. మడ చెట్లు, బురద మీది ఉల్లంకులు, నీటి మీద పొద్దుటి వెలుగు, ఇవన్నీ మళ్ళీ చూడదగ్గవే. నీళ్ళ సీసాలు మనిషికి రెండు తీసుకెళ్ళండి. పోటు వేళ ముందే ఎవరినైనా అడగండి, అడగకపోతే చెప్పరు. కయ్యలో బాతులు కనిపిస్తే ముందు చుట్టూ చూసి, కర్ర పట్టుకున్న మనిషి ఎక్కడుందో వెతకండి.

సాయంత్రం ఆరుంబావుకు నూర్జహాన్ ఇంట్లో ఆమె ఖర్జూరం నోట్లో పెట్టుకుంటుంటే నా ఫోను మోగింది. ఏ గుంపులోంచి నా నంబరు దొరికిందో, ఎవరో తెలియని మనిషి. వచ్చే ఆదివారం నలుగురు స్నేహితులతో కారులో వస్తున్నారట, ఆ ఆరు వందల నలభై వలస బాతులు వంతెనకు ఏ వైపు ఉంటాయో చెప్పమని అడిగాడు. అవి పెంపుడు బాతులని, వాటి యజమాని పేరు చెంచమ్మ అని, అప్పటికి ఆ చేలో గడ్డి కట్టలు తప్ప ఏమీ ఉండవని మొత్తం వివరించాను. పెట్టేసి, ఇంకెవరూ అడగకుండా అదే సంగతి గుంపులో కూడా పదకొండు వాక్యాలు రాసి పెట్టాను.

పదిహేడుగురిలో ఒకరు బొటనవేలు బొమ్మ పెట్టారు. ఇంకొకరు, "సూపర్ మేడమ్, నెక్స్ట్ సండే తప్పకుండా బాతులు చూద్దాం" అని రాశారు.